శవం దొరకని చావులు

మొన్న శనివారం రాత్రి పదకొండున్నరకి మా బావని చంపేశాను. బావ కాసేపు బల్ల మీద పాచిక వంక చూసి, "నాలుగేనా అది?" అన్నాడు. నాలుగే. ఆయన మంత్రగాడికి మిగిలినవి మూడు హిట్ పాయింట్లు, అంటే అంత ప్రాణమే. పాత్ర వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "టీ ఎవరెవరికి?" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

మేం ఆడుతున్నది టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కరు తప్ప అందరికీ తలా ఒక పాత్ర: యోధుడో, దొంగో, పూజారో, మంత్రగాడో. మిగిలిన ఆ ఒక్కరూ మిగతా లోకం మొత్తం. గుహలు, గుహల్లో ఉండేవి, ఊళ్ళో పూటకూళ్ళమ్మ, వాన, చీకటి, అన్నీ ఆ మనిషే. ఆ మనిషిని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎమ్ అంటారు. "తలుపు సందులోంచి తొంగి చూస్తాను" అని ఆటగాడంటే, ఏం కనపడిందో డీఎమ్ చెప్తాడు. అవుతుందో కాదో తేలనిచోట పాచికలు వేస్తారు. బోర్డు ఉండదు, గెలుపంటూ ఉండదు, ఏళ్ళ తరబడి కూడా సాగుతుంది. మా ఇంట్లో డీఎమ్ నేను.

ఆ రాత్రి వాళ్ళు పాడుబడ్డ కోట కింద సొరంగాల్లో ఉన్నారు. మేం ఆడే పద్ధతి 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నిబంధనలకి దగ్గరగా ఉంటుంది. అందులో నేలమాళిగలో కాలాన్ని పది నిమిషాల టర్నులుగా లెక్కపెడతారు. ఒక కాగడా ఆరు టర్నులు వెలుగుతుంది. నేను నోట్‌బుక్కులో టిక్కులు పెడుతుంటాను, అవి అందరికీ కనపడుతూనే ఉంటాయి. చివరి కాగడాకి ఐదో టిక్కు పడింది. మా అక్క పాత్ర దొంగ. "ఇంక పదండి బాబూ" అంది. పక్క ఫ్లాటు బీటెక్ కుర్రాడి యోధుడు అప్పటికే మెట్లెక్కేస్తున్నాడు. బావ మాత్రం ఆగాడు. వెనక గదిలో వెండి దీపపు సెమ్మె ఒకటి చూసొచ్చాడు మరి. ఈ ఆటలో అనుభవం ఎక్కువగా బయటికి తెచ్చిన సొత్తు విలువ నుంచే వస్తుంది, ఒక బంగారు నాణేనికి ఒక పాయింటు. మంత్రగాడు రెండో స్థాయికి ఎక్కాలంటే 2500 కావాలి. బావకి 2310 ఉన్నాయి.

"ఒక్క టర్ను. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

"బావా, కాగడాకి ఒక్క టిక్కే ఉంది" అన్నాను. అదీ చెప్పాను.

"తెలుసు."

ఆరో టిక్కు పెట్టాను. చీకటి. చీకట్లో ఎముకలు నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. ఇరవై ముఖాల పాచిక పదిహేడు చూపించింది, దెబ్బ తగిలింది. ఎంత ప్రాణం పోయిందో చెప్పే ఆరు ముఖాలది నాలుగు.

తర్వాత వంటింట్లో అక్క నన్ను నిలదీసింది. "ఒరేయ్, రెండు పడిందని చెప్తే నీ సొమ్మేం పోయింది? పాపం నాలుగు నెలల్నించీ ఆ పాత్రని పెంచుకుంటున్నారు."

"అందరూ చూశారు కదక్కా."

"అదే అంటున్నా. అందరికీ కనపడేలా ఎందుకు వెయ్యడం? అట్ట అడ్డం పెట్టుకుంటారటగా మిగతావాళ్ళు?"

పెట్టుకుంటారు. మూడు నాలుగు మడతల అట్ట ఒకటి దొరుకుతుంది. దాని వెనకాల డీఎమ్ తన మ్యాపులూ, రహస్యాలూ దాచుకుంటాడు. పాచికలు కూడా అక్కడే వేస్తాడు. ఆరు పడితే రెండని, తప్పితే తగిలిందని చెప్పే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని ఫడ్జింగ్ అంటారు. చేసేవాళ్ళలో ఎక్కువమంది దుర్మార్గంతో చెయ్యరు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదన్న భరోసా ఆటగాళ్ళకి ఇవ్వాలని చేస్తారు. నేను చెయ్యను. ఎందుకు చెయ్యనో ఆ రాత్రి అక్కకి సరిగ్గా చెప్పలేక నీళ్ళు నమిలాను. ఈలోగా టీ పొంగిపోయింది.

మా అమ్మమ్మ అష్టాచెమ్మా ఆడేది. రాజమండ్రి దగ్గర పల్లెలో, అరుగు మీద, సుద్దముక్కతో ఐదు గళ్ళకి ఐదు గళ్ళు గీసి. గవ్వలు ఎప్పుడూ ఎవరో ఒకరు పారేసేవాళ్ళు కాబట్టి చింతపిక్కలే దిక్కు. గరుకు గచ్చు మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీసేవాళ్ళం. వేళ్ళు మండేవి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. నాకు ఏడేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం నా ఆఖరి కాయ పండడానికి దగ్గరికొచ్చేసింది. దాన్ని చంపడానికి అమ్మమ్మకి సరిగ్గా మూడు కావాలి. మూడే పడింది. నేను రాగం తీశాను. తాతయ్య పడక్కుర్చీలోంచి "చిన్నపిల్లాడు, వదిలెయ్యరాదూ" అన్నాడు. అమ్మమ్మ నా కాయ తీసి నా అరచేతిలో పెట్టి, "పడిన పందెం పడినట్టే. వాడికి పడినప్పుడు నేనేమైనా ఏడ్చానా?" అంది.

మా పెదనాన్న పద్ధతి వేరు. ఆయనతో ఎప్పుడు ఆడినా నేనే గెలిచేవాణ్ణి. పిక్కలు పడ్డాక అరచెయ్యి వాటి మీదుగా అలా రాసేవాడు, పడింది మారిపోయేది. ఏడేళ్ళవాడికి కనపడదనుకున్నాడు పాపం. ఆ వేసవి ఆఖర్లో ఒకరోజు అమ్మమ్మ మీద గెలిచాను. ఆ సంగతి కిరాణా కొట్టు దాకా వెళ్ళి మరీ చెప్పొచ్చాను. పెదనాన్న మీద గెలిచిన ముప్ఫై సార్ల గురించి ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

ఇదంతా మర్చిపోయాను, డాలస్ వెళ్ళేదాకా.

ఎమ్మెస్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్తలో, డాలస్ శివార్లలో ఒక బృందంతో ఎనిమిది నెలలు ఆడాను. ఈ ఆట నాకు అక్కడే అలవాటైంది. డీఎమ్ చాలా మంచివాడు, గొంతు మార్చి పాతిక పాత్రలు పలికేవాడు. మా కథలో ఒక దుష్ట జమీందారు ఉండేవాడు. ఎనిమిది నెలలు వాడి వెంటపడ్డాం. చివరికి ఒక మేడ మీద దొరికాడు. నేను ఇరవై ముఖాల పాచిక వేశాను, ఇరవై పడింది. బల్ల చుట్టూ అరుపులు. డీఎమ్ చిన్నగా నవ్వి, జమీందారు నా కత్తి దెబ్బకి పిట్టగోడ మీంచి తూలి కింద నదిలో పడిపోయాడని చెప్పాడు. ఎంత వెతికినా శవం దొరకలేదు. రెండు సెషన్ల తర్వాత వాడు మళ్ళీ ప్రత్యక్షం.

మన సీరియళ్ళు చూసినవాణ్ణి, శవం దొరకలేదంటే ఏమిటో నాకు తెలీదా? సరేలే అనుకున్నాను. అయితే ఏడాది తర్వాత ఒక పార్టీలో మాటల్లో మాటగా ఆయనే చెప్పాడు. ఆ రాత్రి నేను ఇరవై వెయ్యకముందే వాడి హిట్ పాయింట్లు అయిపోయాయట. ఇంకా రెండు సెషన్ల కథ రాసిపెట్టుకుని ఉన్నాడు కాబట్టి కానిచ్చేశాడట. అక్కడితో ఆపినా బాగుండేది. "నిన్ను కూడా మూడుసార్లు బతికించాను తెలుసా" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

ఆ మూడింట్లో ఒకటి నాకు బాగా గుర్తు. కూలిపోతున్న వంతెన మీద, ఒకే ఒక్క హిట్ పాయింటుతో, వెనక రెండు తోడేళ్ళు. రెండూ కొట్టిన దెబ్బ తప్పింది. ఆ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒక తోడేలు దెబ్బ తగిలిందట నిజానికి.

గెలవనివ్వలేదన్న ఉక్రోషం ఆ రాత్రికే పోయింది. నేను బతికి బయటపడ్డానని చెప్పుకున్న రాత్రి మాత్రం అసలు జరగనే లేదన్న సంగతి ఇంకా మింగుడుపడలేదు. అట్ట వెనక మార్చిన ఒక అంకె, దానికి ముందూ వెనకా పడిన అంకెలన్నిటినీ అనుమానంలోకి లాగేస్తుంది. పెదనాన్న అరచెయ్యి ఒకసారి కళ్ళబడ్డాక ఆయన మీద నిజంగానే గెలిచిన ఆటలు ఒకటీ అరా ఉన్నా అవీ చెల్లని నోట్లే.

ఈ ఆట పుట్టిన తీరే నాకు వత్తాసు పలుకుతుందని ఒక సంబరం. 1969లో అమెరికాలో, మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో బొమ్మ సైనికులతో నెపోలియన్ కాలం నాటి యుద్ధాలు ఆడే బృందం ఒకటుండేది. డేవిడ్ వెస్లీ అనే ఆయన ఒకసారి బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ ఊరిని తయారుచేసి, సైన్యాలు వచ్చి యుద్ధం మొదలయ్యేలోగా సరదాగా ఉంటుందని తలా ఒక పాత్ర ఇచ్చాడు. ఒకడు మేయరు, ఒకడు బ్యాంకరు, ఒకడు విశ్వవిద్యాలయం పెద్ద, ఇలా. తీరా చూస్తే అందరూ తలో మూలకీ పోయి గుసగుసలు, కుట్రలు, బేరాలు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి సిద్ధమైపోయారు. దానికి నిబంధనలే లేవు, వెస్లీ అప్పటికప్పుడు కల్పించాల్సి వచ్చింది. అసలు యుద్ధం మొదలవ్వనే లేదు. ఆట అభాసుపాలైందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ పిచ్చిని తీసుకెళ్ళి బ్లాక్‌మూర్ అనే లోకంలో, కోట కింద నేలమాళిగల్లో పెట్టాడు. దాన్ని విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్‌కి చూపించాడు. ఇద్దరూ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి విడత వెయ్యి పెట్టెలు. అంటే నడిపేవాడి ప్లాను చెడిపోవడంలోంచి పుట్టిన ఆట ఇది. మరి ప్లాను చెడకుండా కాపాడుకోవడానికి అట్టలు అడ్డం పెట్టుకోవడమేమిటి?

ఇక్కడ నా వాదానికి నేనే గండి కొట్టుకోవాలి. 1979లో డీఎమ్‌ల కోసం రాసిన పుస్తకంలో గైగాక్స్ స్వయంగా, పాచిక పడినదాన్ని కాదనే హక్కు నీకుంది పొమ్మన్నాడు. పాతకాలం వాళ్ళందరూ మా అమ్మమ్మలని నేనేమీ అనను.

1984లో ఈ ఆటని అచ్చేసిన కంపెనీయే డ్రాగన్‌లాన్స్ అనే సాహసాల వరస మొదలుపెట్టింది. హీరోలు ముందే తయారు, కథ ముందే తయారు, పక్కన నవలలు కూడా. ముఖ్యమైన పాత్రలు చచ్చిపోతే వీలైనంతవరకూ శవం దొరక్కుండా చూడమని డీఎమ్‌కి అందులో సలహా ఉంది, తర్వాత అవసరమైతే మళ్ళీ తీసుకురావచ్చని. అది చదివినరోజు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. డాలస్ డీఎమ్ తన సొంత తెలివనుకుని ఉంటాడు. అది అప్పటికే ముప్ఫై ఏళ్ళ పాతది.

మా ఇంటి బల్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు ఈ పద్ధతి ఎందుకింత ఇష్టమో అక్కడే తెలిసింది. మేం తెలుగులో ఆడతాం. మొదట్లో ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో వారానికే ఎవరికి వాళ్ళు జారిపోయారు. అప్పుడొక చిక్కొచ్చింది. సొరంగంలో ఒక మలుపు దగ్గర ఐదుగురు గాబ్లిన్‌లు ఎదురయ్యారు. పచ్చగా, పొట్టిగా, మురికిగా, చేతుల్లో బరిసెలు. వాళ్ళ పెద్ద తల మీద తుప్పుపట్టిన గిన్నె బోర్లించుకుని ఉన్నాడు, కిరీటం అనుకోవాలి. పాత బేసిక్ నిబంధనల్లో ఒక అందమైన సంగతుంది. ఎదురైనవాళ్ళు ఏం చేస్తారో డీఎమ్ తన ఇష్టానికి తేల్చనక్కర్లేదు, ఆరు ముఖాల పాచికలు రెండు వేసి చూడొచ్చు. రెండు పడితే మాటా పలుకూ లేకుండా మీద పడతారు. పన్నెండు పడితే స్నేహితులైపోతారు. మధ్యలో అనుమానం, బేరం, ఎదురుచూపు. రెండు పాచికలకి మొత్తం ముప్ఫైయారు రకాల పడికలుంటే రెండు పడేది ఒక్కసారే. అంటే మాట్లాడే సందు దాదాపు ఎప్పుడూ ఉంటుందన్నమాట.

ఏడు పడింది. గాబ్లిన్‌లకి ఏం చెయ్యాలో తోచలేదు. "మాట్లాడండి" అన్నాను.

బీటెక్ కుర్రాడు నోరు తెరిచి, ఆగిపోయాడు. "అన్నా, వాణ్ణి నువ్వు అనాలా, మీరు అనాలా?"

బల్ల చుట్టూ ఒక్కసారిగా చర్చ మొదలైంది. ఇంగ్లీషులో అయితే ఈ ప్రశ్నే రాదు. అక్కడ అందరికీ ఒకటే పిలుపు. తెలుగులో నోరు విప్పావంటే ఎదుటివాడు నీకంటే ఎక్కువో తక్కువో తేల్చేసినట్టే. "ఏరా" అంటే యుద్ధం. "మీరు" అంటే ఐదుగురు మురికి గాబ్లిన్‌ల ముందు తలొంచినట్టు. "నువ్వు" అంటే ఏ సంగతీ తేల్చకుండా నాన్చినట్టు. బావ తన మంత్రగాడి పొడుగు టోపీ సర్దుకున్నట్టు అభినయించి (టోపీ నిజంగా లేదు, చెయ్యి మాత్రమే కదిలింది) ముందుకొచ్చి, "అయ్యా, తమరు ఈ ప్రాంతానికి పెద్దల్లా ఉన్నారు" అన్నాడు. పడీపడీ నవ్వాం. నవ్వినా, అది మంచి ఎత్తు. ఆ గాబ్లిన్‌ని పుట్టి బుద్ధెరిగాక 'తమరు' అన్నవాడు లేడు. ఇంకోసారి పాచికలు వేసి, ఆ మర్యాదకి ఒకటి కలిపాను. పది అయింది. రెండు సంచుల ఉప్పుచేపలకి వాళ్ళు దారి వదిలారు. పైగా ఎడమవైపు గదిలో కదిలే ఎముకలున్నాయని ఊరికే చెప్పారు కూడా.

ఆ గదిలోనే బావ చచ్చిపోయాడు. చెప్పినా వినలేదు.

ఇదేదీ నేను రాసుకోలేదు. నా నోట్‌బుక్కులో ఉన్నది "గాబ్లిన్‌లు 5" అని ఒక్క ముక్క. ముందే కథ రాసుకుని ఉంటే వాళ్ళు ఏ మూడో సీనులోనో చావాల్సిన అనామకులు. ఇప్పుడు వాళ్ళ పెద్దకి మా ఇంట్లో ఒక పేరు కూడా ఉంది, గిన్నెశాస్త్రి గారని. మా అక్కే పెట్టింది. ఆ ఊపులో మన రాక్షసులు కూడా ఈ ఆటలో ఉన్నారా అని అడిగితే, 1977 నాటి రాక్షసుల పుస్తకంలో మన రాక్షసుడి బొమ్మ ఫోనులో చూపించాను. పులి తల, చేతిలో పొగపైపు. దీవించిన బాణం తగిలితే చస్తాడు. అక్క చాలాసేపు చూసి, "వీణ్ణి 'సార్' అనాలి" అని తేల్చేసింది.

అక్క అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. బావ చచ్చిన మర్నాడు ఫోన్ చేసి అసలు వాదన తీసింది. "కథ ముందే తెలిస్తే ఏమయ్యిందిరా? చిన్నప్పుడు తీర్థానికి నాటకాలకి వెళ్ళేవాళ్ళం. కృష్ణుడు రాయబారం చేస్తాడనీ అది బెడిసికొడుతుందనీ తెలీదా మనకి? తెలిసే కదా తెల్లవార్లూ కూర్చుని పద్యానికి వన్స్‌మోర్‌లు కొట్టాం?"

దీనికి జవాబు దొరకడానికి నాకు రెండురోజులు పట్టింది. దొరికింది కూడా అక్క చెప్పిన నాటకంలోనే. ఆ రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులే ఊరూరా తిరిగి అవధానాలు చేశారు. ఒకచోట కథ అందరికీ ముందే తెలుసు, తెలుసని అందరికీ తెలుసు. రెండోచోట నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు ఏ అక్షరానికి అడ్డం పడతాడో అవధానికి తెలియకూడదు. అవధానంలో పుట్టిన పద్యం ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాసినదానికంటే గొప్పదని ఎవరూ అనరు. చాలాసార్లు కాదు కూడా. మరి జనం ఎందుకు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు? పృచ్ఛకుడూ అవధానీ ముందే మిలాఖత్ అయ్యారని తెలిస్తే ఆ సభలో ఎవరైనా ఇంకో ఐదు నిమిషాలు కూర్చుంటారా? పద్యం అదే. ఒక్క అక్షరం మారలేదు. అయినా లేచి వెళ్ళిపోతారు.

కాబట్టి అక్కతో అన్నాను: నాటకం వెయ్యాలనుకుంటే నాటకం అని చెప్పి వేద్దాం, నేను కూడా పాట పాడతాను. అవధానం అని పిలిచి నాటకం వెయ్యకూడదు. ఆట అని కూర్చోబెట్టి కథ వినిపించకూడదు.

"నువ్వు పాట పాడతానంటే నేనే రాను" అంది.

ఇలా చెప్తుంటే నన్ను పాతకాలపు చాదస్తుడి కింద జమకట్టేస్తారని తెలుసు. ఈ ఆటలు ఆడేవాళ్ళలో రెండు గుంపులున్నాయి మరి. 2000ల నడిమి నుంచీ పాత పద్ధతిని తిరిగి బతికించినవాళ్ళు ఒకవైపు, పాత్రల మనసులూ బంధాలూ ముఖ్యం, కథే ప్రాణం అనేవాళ్ళు ఒకవైపు. నన్ను మొదటి గుంపులో కట్టేస్తుంటారు. కానీ నాకు బాగా నచ్చిన ఆటల్లో ఒకటి రెండో గుంపు నెత్తిన పెట్టుకునేది: 2010లో విన్సెంట్ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్. అందులో నడిపేవాడు అసలు పాచికలే ముట్టుకోడు. వేసేదంతా ఆటగాళ్ళే, రెండు పాచికలు, అందరి ముందూ. ఆరూ అంతకంటే తక్కువైతే నడిపేవాడి చేతికి చిక్కావు. ఏడు నుంచి తొమ్మిదైతే పని అవుతుంది కానీ ఏదో ఒకటి చెల్లించుకోవాలి. పదీ ఆపైన పూర్తి గెలుపు. ముప్ఫైయారు పడికల్లో మొదటిదానికి పదిహేను, నడిమిదానికి పదిహేను, పూర్తి గెలుపుకి ఆరు. పాత్ర నేర్పుని బట్టి ఈ అంకెకి కొంత కలవడమో తగ్గడమో ఉంటుందనుకోండి. కథ ముందే రాసుకోవద్దనీ, ఏం జరుగుతుందో తెలుసుకోవడానికే ఆడమనీ నడిపేవాడికి అందులో గట్టిగా చెప్తారు. అట్ట వెనక మార్చడానికి అంకే లేదు. మా అమ్మమ్మకి ఇదీ నచ్చేది.

అలాగే 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు. అందులో హిట్ పాయింట్లు సున్నా అయినా మామూలుగా వెంటనే చావరు. వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పదీ ఆపైన మూడుసార్లు పడితే గండం గడిచినట్టు, మూడుసార్లు తప్పితే పోయినట్టు. మెత్తని ఆట అని మా గుంపువాళ్ళు వెక్కిరిస్తుంటారు. నేను వెక్కిరించను. దయ చూపించాలనుకున్నారు, అందరూ చదివేచోట నిబంధనగా రాసి చూపించారు. అంతకంటే ఏం కావాలి? హీరోలు చావకూడదనుకుంటే "ఇందులో ఎవరూ చావరు" అని మొదటి రోజే చెప్పి ఆడినా నాకు అభ్యంతరం లేదు, అప్పుడు పణంగా పెట్టేది ప్రాణం కాకుండా ఇంకేదో అవుతుంది.

మా గుంపు చేసే పాపాలు కూడా చెప్పేయాలి. పాచికని నమ్మడం వేరు, పాచిక వెనక దాక్కోవడం వేరు. ఆట నడపడం మొదలుపెట్టిన కొత్తలో ఒకామె పాత్రని, ఏ సూచనా ఇవ్వకుండా, తలుపు గొళ్ళేనికి పూసిన విషంతో చంపాను. ఆమె చేసిన తప్పు తలుపు తియ్యడం. "నిబంధనల్లో ఉంది" అన్నాను, గర్వంగా కూడా. ఆమె ఏమీ అనలేదు, తర్వాతి వారం రాలేదు. ఆ పైవారం కూడా. బావకి టిక్కులు కనిపించాయి, గిన్నెశాస్త్రి హెచ్చరిక వినిపించింది, నేను నోరు తెరిచి చెప్పాను కూడా. ఆమెకి ఏం కనిపించింది? గొళ్ళెం. కళ్ళకి కట్టేసిన గంతలు విప్పకుండా పడిన పందెం పడినట్టే అంటే అది అమ్మమ్మ న్యాయం కాదు.

అందరికీ ఇది నచ్చాలనీ లేదు. ఆఫీసులో ఒకతను ఉత్సాహంగా వచ్చాడు. 2015లో మొదలైన క్రిటికల్ రోల్ అనే కార్యక్రమం మొత్తం చూసినవాడు. అందులో గొంతు నటులే ఆటగాళ్ళు, కళ్ళనీళ్ళు పెట్టిస్తారు. ఇతను తన పాత్రకి నాలుగు పేజీల గతం రాసుకొచ్చాడు, తప్పిపోయిన చెల్లెలితో సహా. రెండు సెషన్లు కాగడాలూ, తాళ్ళూ, మోయగలిగే బరువూ లెక్కపెట్టి, "గురూ, ఇది ఆటా, అకౌంటెన్సీయా?" అని మానేశాడు. చెల్లెలు దొరుకుతుందని నేను మాటివ్వలేనని ముందే చెప్పి ఉండాల్సింది. అతను ఇప్పుడు వేరే బృందంలో హాయిగా ఆడుతున్నాడు. చెల్లెలు దొరికిందట. కనుక్కున్నాను.

మా బల్ల దగ్గర మటుకు బావ చావు తర్వాత ఓటింగు పెట్టాం. సున్నాకి వచ్చినవాళ్ళకి ఒక ఆఖరి అవకాశం ఇచ్చేలా, అందరి ముందూ ఒక పాచిక వేసేలా కొత్త నిబంధన పెట్టుకుందామని అక్క ప్రతిపాదన. నేను సరేనన్నాను. బీటెక్ కుర్రాడు ఎటూ చెప్పలేక ఫోను చూసుకున్నాడు. బావ వద్దన్నాడు. "నేను పోయాక నిబంధన మారిస్తే, ఉత్తపుణ్యానికి పోయినవాణ్ణి అవుతాను" అన్నాడు. అక్క ఆయన వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

నిన్న శనివారం బావ కొత్త పాత్రతో వచ్చాడు. మరుగుజ్జు యోధుడు, ఆరు హిట్ పాయింట్లు. అందరూ మంత్రగాడి శవం కోసం మళ్ళీ కిందికి దిగారు. ఆ మంత్రాల పుస్తకం, దాంతోపాటు ఆ సెమ్మె. ఈసారి పన్నెండు కాగడాలు. శవాన్ని ఎవరైనా కదిపారా అని నేను అందరి ముందూ పాచిక వేశాను. ఒకటి పడింది. గదిలో శవం లేదు, సెమ్మె లేదు. దుమ్ములో ఈడ్చుకుపోయిన గుర్తులు మాత్రం ఉన్నాయి.

గుర్తులు పట్టుకుని వెళ్తే మలుపు దగ్గర గిన్నెశాస్త్రి. తల మీద గిన్నె లేదు. దాని బదులు పొడుగు టోపీ, కళ్ళ మీదకి జారిపోతూ.

బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. బావ మరుగుజ్జుకి గాబ్లిన్‌లంటే పడదు, ఆ సంగతి కాగితం మీద తనే రాసుకున్నాడు. నేను రెండు పాచికలూ వేశాను. ఐదు, మంచి అంకె కాదు. బరిసెలు లేచాయి. బావ ఆ టోపీ ఉండాల్సిన చోటు వంక చాలాసేపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ టోపీ తమకి బాగా నప్పిందండీ" అన్నాడు.